ఆండాళు తలనొప్పి, సుగుణ హస్తవాసి

1953లో నేను నాంపల్లి స్టేషను దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో మసాజ్ సిస్టరుగా పనిచేసేదాన్ని. ఫిజియోథెరపీ అనే మాట అప్పటికి మా ఊళ్లో పెద్దగా ఎవరి నోటా వినిపించేది కాదు. గది తలుపు మీద ఇంగ్లీషులో మెడికల్ మసాజ్ అని రాసి ఉండేది. జనం మాత్రం "మాలిష్ కమ్రా ఎక్కడ?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మెదక్‌లో మిషను హాస్టల్లో చదివి, నర్సు ట్రైనింగ్ అయ్యాక మసాజ్ కోర్సు ప్రత్యేకంగా నేర్చుకుని, మెడలోని కండరాల పేర్లన్నీ లాటిన్‌లో బట్టీపట్టి పరీక్ష రాసినదాన్ని. నా పనిని పట్టుకుని మాలిష్ అంటే ఎలా ఉంటుంది?

గదికి మధ్యలో ఆకుపచ్చ తెర ఉండేది. తెరకు ఇవతల నా కౌచ్, అవతల సుగుణ కౌచ్. కౌచ్ అంటే రోగి పడుకునే ఎత్తు బల్ల. సుగుణది కూడా మెదకే, నాతోపాటే ట్రైనింగయింది. నాకంటే కాస్త చిన్నది కాబట్టి "మార్తక్కా, మార్తక్కా" అంటూ వెంట తిరిగేది. పొద్దున ఆలస్యంగా వచ్చేది. మసాజ్ పొడి డబ్బా మూత పెట్టడం మరిచేది. పని చేస్తూ కీర్తనలు కూనిరాగం తీసేది. పరీక్షలో నాకంటే తక్కువ మార్కులు వచ్చాయి. అయినా కొత్త రోగి ఎవరొచ్చినా, రెండోసారి వచ్చేసరికి మెడ చాపి తెర అవతలకి చూసేవాళ్లు. "సుగుణ సిస్టర్ లేదా?" అని అడిగేవాళ్లు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నానని మీరంటే, అవును, పోసుకున్నాను. దాని చిరునవ్వు చూసినా, దాని జడ చూసినా, చివరికి అది నన్ను అక్కా అని పిలిచినా కడుపులో సెగ పుట్టేది.

మా దగ్గరికి వచ్చే కేసుల్లో నాకు ఇష్టమైనవి తలనొప్పులు. నడుము పట్టేసినవాణ్ని ఎవరైనా లేపగలరు. తలనొప్పి అలా కాదు. డాక్టరుగారు ముందు కళ్లు, ముక్కు, పళ్లు, బ్లడ్ ప్రెషరు అన్నీ చూసి, ఏమీ లేదని తేలాకే మా గదికి పంపేవారు. మైగ్రేన్ అని ఆయన రాసిన చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లు. మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు, పాతబస్తీలో ఆధాసీసీ అంటారు. సగం తల పగిలిపోతుంది, వెలుతురు చూడలేరు, వాంతులవుతాయి. నొప్పి మంచి జోరు మీదున్నప్పుడు చెయ్యి వేస్తే రోగి ఇంకా అల్లాడిపోతాడు. నొప్పి లేని రోజుల్లో మెడను, భుజాలను వదులు చేసి పెడితే, వచ్చే నొప్పి తగ్గుముఖం పడుతుంది. మా చేతుల్లో ఉన్నది అంతవరకే.

పద్ధతి ఇదీ. రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి, కౌచ్ మీద దిండు వేసి, దాని మీద నుదురు ఆనించి ముఖం కిందికి పెట్టమంటాం. నూనె వాడం, ఫ్రెంచ్ చాక్ అనే మెత్తటి పొడి చల్లుతాం. "నూనె లేకుంట ఏం మర్దన సిస్టర్, పిండి చల్లి చపాతీ చేస్తరా?" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. మొదట ఎఫ్లురాజ్, అంటే అరచేత్తో మెల్లగా నిమరడం. తర్వాత పెట్రిసాజ్, కండరాన్ని పట్టి పిసకడం. చివరగా ఫ్రిక్షన్. పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట బియ్యపుగింజల్లాంటి గడ్డలు తగులుతాయి. వాటిని ఆ రోజుల్లో నాడ్యూల్స్ అనేవాళ్లం. వేలికొసతో వాటి మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దడమే ఫ్రిక్షన్. నా ఫ్రిక్షన్ చూసి మాకు ట్రైనింగ్ ఇచ్చిన మిషను దొరసానే మెచ్చుకుంది. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

ఆండాళు ఆ వేసవిలో వచ్చింది. పేరు మార్చాను. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చీరలో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్ల. ఆబిడ్స్ దగ్గర టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు బోర్డు మీద ఆపరేటరు. అప్పట్లో వేరే ఊరికి మాట్లాడాలంటే ఆపరేటరు వైరు తీసి బోర్డులో గుచ్చి లైను కలపాలి. నల్గొండ పక్క పల్లెటూరి రైతు కుటుంబం. తండ్రి పోయాక తల్లినీ, ఇద్దరు తమ్ముళ్లనూ తీసుకొచ్చి చాదర్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకుంది. ఇల్లంతా ఆమె నౌకరి మీదే నడుస్తోంది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

"ఎప్పటినుంచి నొప్పి?"

"బోర్డు మీద కూసున్నకాడి నుంచి సిస్టర్. మెడ కాడ షురువైతది. మెల్లగ పైకెక్కుతది. కుడి కన్ను ఎనకకు వచ్చి కూసుంటది. ఇగ వాంతులే."

"సెలవు పెట్టి జర పండుకోరాదు?"

ఆమె మొహం వాడిపోయింది. "సెలవులు ఎక్కువైనయని గుస్స అయితున్నరు. నాది టెంపరరీ నౌకరి. పర్మనెంట్ చేసేముంగట మా సూపర్వైజరమ్మ రిపోర్టు పంపాలె. ఇంకొక్కసారి బోర్డు మీదికెల్లి లేసి పోతె తీసేస్తమని చెప్పిన్రు. మా ఇంట్ల ఇంకెవ్వరికీ నౌకరి లేదు సిస్టర్."

"ఫికర్ చెయ్యకు. నా చేతిల పడ్డవు గదా" అన్నాను.

అన్నాను కానీ, ఆ మెడ నా మాట వినలేదు. నేను రోగికి కుడివైపున నిలబడి పని చేస్తాను, కుడిచేతి వాటం కాబట్టి. దిండు మీద ముఖం పెట్టుకున్న ఆండాళును "గీడ నొస్తుందా? గీడ?" అని అడుగుతూ వేళ్లు జరిపేదాన్ని. జవాబు ఉండేది కాదు. "మెడ వదిలెయ్, భుజం కిందికి దించు" అనేదాన్ని. వదలడానికి బదులు మెడ కర్రలా బిగించేది. చెప్పినకొద్దీ బిగించేది. పని అయి లేచాక మాత్రం ఎదురుగా నిలబడి మర్యాదగా దండం పెట్టి వెళ్లేది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే ఎంత పొగరు అనుకున్నాను. వారాలు గడిచాయి. నొప్పి తగ్గలేదు సరికదా, నా కౌచ్ దగ్గర నుంచి లేచిన రోజే ఎక్కువవుతోందని డాక్టరుగారితో చెప్పిందట.

ఒకరోజు నాకు జ్వరం వచ్చి పనికి వెళ్లలేదు. ఆండాళును సుగుణ చూసింది. మళ్లీసారి ఆండాళు వచ్చి, నా కౌచ్ పక్కనే నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది: "సిస్టర్, జర ఏమనుకోకుండ్రి. సుగుణ సిస్టర్ చేసినంక రెండు దినాలు తల తేలికగున్నది. ఆమె కాడికి పోతె మీకు గుస్స వస్తదా?"

"నాకెందుకు గుస్స? పో" అన్నాను. ఫ్రెంచ్ చాక్ డబ్బా మూత ఎంత గట్టిగా బిగించానంటే, తర్వాత ఆయా చెంచాతో పొడిచి తీయాల్సి వచ్చింది.

డాక్టరుగారు రౌండ్సులో అందరి ముందూ అన్నారు: "చదువు ఎవలన్న చదువుతరు. హస్తవాసి మాత్రం పుట్టుకతోటి రావాలె. సుగుణకు అది ఉన్నది." ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. హస్తవాసి అన్న మాట ఆ రోజంతా ముల్లులా గుచ్చుకుంది. తక్కువ మార్కులంటే తిరిగి పరీక్ష రాయొచ్చు. హస్తవాసికి ఏ బడిలో చేరాలి?

దాంతో తెర పక్క నుంచి తొంగి చూడడం మొదలుపెట్టాను. సుగుణ చేతిలో అసలు ఏముందో తేల్చుకోవాలనిపించింది. చూస్తే ఏమీ లేదు! నేను చేసేదే అదీ చేస్తోంది. ఇంకా చెప్పాలంటే ఫ్రిక్షన్ సగమే చేస్తోంది. కానీ ఆండాళు, నా దగ్గర మూగనోము పట్టిన ఆండాళు, దిండులో ముఖం పెట్టుకునే గలగలా మాట్లాడుతోంది. "ఔ సిస్టర్, గాడనే. జర కిందికి. ఆ, గదే." తమ్ముళ్ల అల్లరి చెబుతోంది, బోర్డు మీద వినపడే వింత ట్రంకు కాల్స్ చెబుతోంది. సుగుణ పడీ పడీ నవ్వుతోంది. తెర ఇవతల ఒక లావుపాటి మోకాలు పట్టుకుని నిలబడ్డ నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నా రోగి, నా తలనొప్పి, నా ముందే ఎత్తుకుపోయింది.

అలా చూస్తూండగా ఒక తేడా కనపడింది. సుగుణది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో అన్నం తింటోందని హాస్టల్లో వార్డెను దాని చేతి మీద స్కేలుతో కొట్టేది. పిసికేటప్పుడు దాని ఎడమచెయ్యే ముందుంటుంది. ఓహో, రహస్యం అదన్నమాట అనుకున్నాను. ఎడమచేతి ఒత్తిడి వేరే రకంగా ఉంటుందని, మెడకు అదే సరిపడుతుందని నాకు నేనే ఒక థియరీ కట్టాను. పుస్తకాల్లో లేదు. లేకపోతేనేం, నేను కనిపెట్టాను.

ఆ రోజు నుంచి ఇంట్లో రొట్టెల పిండి ఎడమచేత్తో పిసకడం మొదలుపెట్టాను. చెయ్యి తిరిగేది కాదు. పిండి పళ్లెం దాటి నేల మీద పడేది.

"ఏందే మార్తా, పిండి మీద ఏమన్న పగ పట్టినవా?" అంది మా అమ్మ.

"ప్రాక్టీసమ్మా, దవాఖాన పని."

"దవాఖాన పని దవాఖానల చేసుకో. గీ రొట్టెలు ఎవలు తింటరు?"

ఎవరూ తినలేదు. కానీ నా ఎడమచెయ్యి లొంగింది.

ఈలోగా ఆండాళుకు నొప్పి మానిందా అంటే, లేదు. సుగుణ చేసిన రెండు రోజులు తేలిక, మూడో రోజు మళ్లీ మామూలే. ఒకసారి బోర్డు మీదే వాంతి అయింది. కాల్ మధ్యలో తెగిపోయిందని అవతలి పెద్దమనిషి ఫిర్యాదు చేశాడట. రిపోర్టు పంపే రోజు దగ్గరపడింది. పిల్ల చిక్కి సగమైంది. అయినా అందరూ సుగుణ హస్తవాసి అనే అంటున్నారు. నా దగ్గర తగ్గకపోతే నా తప్పు, దాని దగ్గర తగ్గకపోతే రోగి కర్మ!

అక్క బిడ్డకు బాప్తిస్మమని సుగుణ మెదక్ వెళ్లింది. ఆ రోజు ఆండాళు వచ్చి తెర అవతలకి చూసి, నీరుగారిపోయి నిలబడింది.

"సుగుణ సిస్టర్ రాలేదా?"

"రాలేదు. నేను గూడ మనిషినే, కూసో" అన్నాను.

స్టూలు మీద కూర్చుని దిండు మీద నుదురు ఆనించింది. నేను సుగుణలాగే ఎడమవైపుకు వెళ్లి నిలబడి, ఎడమచెయ్యి ముందుకు పెట్టి మొదలుపెట్టాను. "గీడ నొస్తుందా?" అన్నాను, అలవాటు కొద్దీ, జవాబు రాదనే అనుకుంటూ.

"ఔ సిస్టర్, గాడనే. జర పైకి."

నా చెవులను నేనే నమ్మలేదు. "మెడ వదిలెయ్" అన్నాను. వెన్నలా వదిలేసింది! భుజం దించమంటే దించింది. ఎడమచేతికి లోపల్లోపలే దండం పెట్టుకున్నాను. సుగుణ గుట్టు చేతికి చిక్కింది, రేపటినుంచి ఈ గదిలో హస్తవాసి నాదే అని పొంగిపోయాను. అలవాటు లేని చెయ్యి కాసేపటికే లాగడం మొదలైంది. కుడి భుజం పని మిగిలి ఉంది కదా అని అటువైపుకు వెళ్లి, నా మామూలు కుడిచేత్తో అందుకున్నాను.

"గీ దిక్కు ఎట్లున్నది?"

జవాబు లేదు.

"గిక్కడ?"

లేదు. వేళ్ల కింద మెడ మెల్లగా బిగుసుకోవడం తెలుస్తోంది. ఇక నాకు పట్టలేని కోపం వచ్చింది. ఇన్ని నెలలు దిగమింగుకున్నదంతా నోట్లోకి వచ్చేసింది. వంగి, ఆమె కుడి చెవి దగ్గరే మెల్లగా, కసిగా అన్నాను: "నువ్వంటె నాకు ఇష్టం లేదు. లేసి నీ సుగుణ కాడికే పో."

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. ఈ మాట డాక్టరుగారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? ఆమె లేస్తుందనీ, ఏడుస్తుందనీ చూశాను. కదల్లేదు. ఊపిరి కూడా మారలేదు. నోరు దిండు వైపే పెట్టి, శ్రద్ధగా ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు మెడను మరికాస్త బిగించింది. అంతే.

అప్పుడు తెలిసింది. ఈ పిల్లకు కుడి చెవి వినపడదు.

ఎడమచెయ్యీ లేదు, హస్తవాసీ లేదు. సుగుణ ఎడమచేతి వాటం కాబట్టి ఎడమవైపు నిలబడుతుంది, దాని మాట వినపడుతుంది, ఈమె జవాబు చెప్పి, మెడ వదులుతుంది. నేను చెవిటి పక్కన నిలబడి మెడ వదలమని చెప్పిన ప్రతిసారీ, స్టేషను రొదలో మాట తెలియక, ఏదో అంటున్నానని మాత్రం గ్రహించి, వినడానికే మెడ బిగించేది. ఎదురుగా కూర్చున్నప్పుడు మంచి చెవితో విని, మొహం చూసి పసిగట్టి జవాబు చెప్పేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకు పెద్దగా నవ్వాలనిపించింది. సుగుణను గెలిచాను!

ఎదురుగా వెళ్లి, ఆమె ముఖం పైకెత్తి అడిగాను. "కుడి చెవి ఎన్నడు పోయింది?"

ఆండాళు మొహం పాలిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "చిన్నప్పుడు చీము కారింది సిస్టర్. ఎవ్వలకు చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత. తెలిస్తె రేపే తీసేస్తరు."

"తీసుకునేటప్పుడు చూడలేదా?"

"గడియారం చెవి కాడ పెట్టి చూసిన్రు. డాక్టర్ మొహం చూసుకుంట ఔ ఔ అన్న."

"బోర్డు మీద ఎట్ల చేస్తవు మరి?"

"లైను ఎడమ చెవికి పెట్టుకుంట. ఒక్క మాట తప్పిపోను సిస్టర్, కావాలంటె ఎవ్వలనన్న అడుగుండ్రి. సూపర్వైజరమ్మ ఎనక నుంచి పిలిస్తెనే తెల్వదు."

మిగతా ఆపరేటర్లకు ఒక చెవి లైనుకు, ఒక చెవి గదికి. ఈమెకున్న ఒక్క చెవీ లైనుకే పోతుంది. "జర బోర్డు మీద కూసున్నట్లు కూసొని చూపియ్యి" అన్నాను. స్టూలు మీద నిటారుగా కూర్చుని, చేతులు బోర్డు మీద ఉన్నట్టు చాపింది. చాపగానే కుడి భుజం పైకి లేచింది, మెడ కుడికి తిరిగి అలాగే నిలబడిపోయింది, కళ్లు భుజం మీదుగా వెనక్కి పోయాయి. సూపర్వైజరు బల్ల వెనకాల కుడివైపు ఉందట. ఆవిడ పిలుస్తుందేమో, లేస్తుందేమో అని రోజంతా ఓరకంట చూస్తూ, భయపడుతూ పని చేస్తుంది. నా వేలు పుర్రె కింద కుడివైపు పెట్టాను. ఆమె మెడ తిప్పినప్పుడల్లా నాడ్యూల్ నా వేలి కింద రాయిలా లేస్తోంది. నొప్పి పుట్టే చోటు అదే. మేం రెండు రోజులకోసారి వదులు చేసి పంపడం, ఆఫీసులో ఆమె మళ్లీ బిగించుకోవడం.

"బోర్డు అంతా ఒక్క తీరుగనే ఉంటదా? ఆమె బల్ల ఎదురుంగ కనపడే సీటు ఏదన్న ఉన్నదా?"

"చివరికి మలుపు తిరుగుతది సిస్టర్. గాడ ఒక సీటున్నది. కూసుంటె సూపర్వైజరమ్మ మొహం ఎదురుంగనే. అందుకే ఎవ్వలు కూసోరు. ఆమె కండ్ల ముంగట కూసునుడంటె అందరికి భయమే."

"నువ్వు పోయి అది అడుగు."

"నేనా?"

"నువ్వే. ఆమె లేస్తె కనపడతది, పెదవి కదిలితె కనపడతది. మెడ తిప్పే పనే లేదు. పైంగ, నా కండ్ల ముంగటనే కూసుంటనంటున్నది, ఎంత మంచి పిల్ల అనుకుంటది."

ఆండాళు ఏడుస్తూనే నవ్వింది. భుజాలు దించి కూర్చోవడం, గడ్డం లోపలికి తీసి మెడ వెనక భాగాన్ని సాగదీయడం నేర్పాను. వెళ్లబోతూ, "రేపటినుంచి మీ కాడికే వస్త సిస్టర్" అంది.

ఆ మాట కోసం ఎన్ని నెలలు ఎదురుచూశానో నాకే తెలుసు. కానీ ఒక్క క్షణం ఆలోచించేసరికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆమె నా దగ్గరికి మారి, నా దగ్గర మానితే, డాక్టరుగారు పిలిచి మార్తా, ఏం కనిపెట్టినవు, ఎట్ల తగ్గించినవు అని అడుగుతారు. ఆ టెలిఫోన్ ఆఫీసువాళ్లకు మెడికల్ సర్టిఫికెట్లు రాసేది ఆయనే. తెలిసి అబద్ధం రాసే మనిషి కాదు. సుగుణకు చెప్పినా అంతే. మంచిదే కానీ, దాని నోట్లో నువ్వుగింజ నానదు. మానిన కారణం ఎవరూ అడగకుండా ఉండాలంటే ఒకటే దారి. హస్తవాసికి కారణం ఎవరూ అడగరు.

"వద్దు. సుగుణ కాడికే పో" అన్నాను. "ఆమె చేతి తోటే తగ్గిందని చెప్పు. ఎవలడిగినా గంతే. నా పేరు ఎత్తకు. యాదుంటదా?"

"యాదుంటది సిస్టర్."

ఆమె గుమ్మం దాటాక ఒక్కదాన్నే ఖాళీ కౌచ్ మీద కూర్చుండిపోయాను. గెలిచిన పందెం నా చేత్తో నేనే సుగుణకు అప్పజెప్పాను. ఆ పిల్ల నౌకరి ఉండాలంటే నా మొత్తం ఉద్యోగంలో నేను చేసిన ఒక్క గొప్ప పని ఎవరికీ తెలియకూడదు. త్యాగమనీ, మంచితనమనీ ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ రోజు నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

చివరి సీటు అడిగిన రోజే ఇచ్చేశారు. నొప్పి వారానికోసారికి, తర్వాత నెలకోసారికి వచ్చింది, అదీ వాంతుల్లేకుండా. రిపోర్టు వెళ్లింది. వర్షాకాలం దాటాక ఆండాళు పర్మనెంట్ అయింది. ఒక మధ్యాహ్నం మిఠాయి పొట్లం, చామంతిపూల దండ పట్టుకుని మా గదికి వచ్చింది. నర్సులు, ఆయాలు చేరారు. డాక్టరుగారు కూడా వచ్చి నిలబడ్డారు.

"సుగుణ సిస్టర్ చెయ్యి పడ్డది, నా తలనొప్పి పోయింది. నా నౌకరి నిలబడ్డదంటె ఈమె దయనే" అని ఆండాళు దండను సుగుణ జడలో తురిమింది. ఎంత చక్కగా చెప్పిందంటే, ఎక్కడా తడబడలేదు.

"ఇగ తలనొప్పి కేసులన్నీ సుగుణకే. మార్తా, నువ్వు నడుములు, మోకాళ్లు చూసుకో" అన్నారు డాక్టరుగారు.

అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సన్మానం ఏర్పాటు చేసింది నేను, ఆ మాటలు నేర్పింది నేను, కడుపు మంట మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. నా పేరు ఎత్తొద్దన్నాను, సరే. ఒక్కసారి నా దిక్కు చూస్తే ఏం పోయేది? మిఠాయి కూడా నాకు ఆఖరున ఇచ్చింది, తల ఎత్తకుండా. నేను చెప్పింది చెప్పినట్టు చేసిందని తెలుసు. అయినా ఆ జిలేబీ నాకు రుచించలేదు.

తర్వాత తలనొప్పులన్నీ సుగుణకే వెళ్లాయి. ఖైరతాబాద్ నుంచి, గన్‌ఫౌండ్రీ నుంచి రిక్షాల్లో వచ్చేవాళ్లు, హస్తవాసి పేరు విని. చాలామందికి తగ్గలేదు. తగ్గుతుందని వచ్చినవాళ్లకు తగ్గకపోతే కోపం ఎక్కువ. సుగుణ కూనిరాగం ఆగిపోయింది. ఒకరోజు భోజనాల వేళ నా కౌచ్ అంచున వచ్చి కూర్చుంది, అన్నం డబ్బా తెరవకుండా.

"అక్కా, నిజం చెప్పు. నా చేతిల ఏమన్న ఉన్నదంటవా? ఆండాళుకు తగ్గింది. మరి వీళ్లకెందుకు తగ్గుత లేదు? నేను మోసం చేస్తున్ననా అనిపిస్తుంది. తలనొప్పులు నీకే ఇచ్చెయ్యమని డాక్టరుగారికి చెప్త."

మీరే చెప్పండి, ఇలాంటి మాట ఎంతమంది చెవిన పడుతుంది? నీ చేతిలో ఏమీ లేదు, ఆ పిల్లకు చెవుడు, అని ఒక్క మాట అంటే చాలు. తలనొప్పులు నాకొస్తాయి, నిజమూ నిలబడుతుంది. కానీ ఆండాళు అప్పుడే ఆబిడ్స్‌లో ఆ చివరి సీటు మీద కూర్చుని ఎవరికో లైను కలుపుతూ ఉంటుంది. సుగుణ నోటికి అడ్డు లేదు. ఎదురుగా చూస్తే దాని కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఉన్నది" అన్నాను. "నీ చేతిల ఉన్నది. కాని చెయ్యి ఒక్కదాని తోటి కాదు. ముందుగాల రోగి ఏం పని చేస్తదో గా పని చేసినట్లు కూసోబెట్టు. మిషను కుట్టేదయితె కుట్టినట్లు, బట్టలుతికేదయితె ఉతికినట్లు. అప్పుడు మెడ మీద వేలు పెట్టి చూడు, ఎక్కడ లేస్తదో. ఇంకొకటి, రెండు పక్కల నిలబడి మాట్లాడు. ఏ పక్క జవాబు సరిగ రాదో గమనించు."

"గివన్నీ ఎక్కడ చదివినవక్కా?"

"పుస్తకంల" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఈ కేసు నేర్పిందేమిటని అడిగితే అదే చెబుతాను. తలనొప్పితో వచ్చిన మనిషి తలను చూడకముందు, ఆమె రోజంతా ఎలా కూర్చుంటుందో, దేనికి భయపడి మెడ తిప్పుతుందో చూడాలి. నా తర్వాత వచ్చిన పిల్లలందరికీ రోగికి రెండు వైపులా నిలబడి మాట్లాడడం మొదటి పాఠంగా నేర్పాను. ఎందుకో చెప్పలేదు. ఆండాళు పింఛను తీసుకునేదాకా చెప్పే వీలు లేకపోయింది.

సుగుణ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. దర్జీ పని చేసే ఒకామెను మిషను ముందు కూర్చున్నట్టు కూర్చోబెట్టి, పీట ఎత్తు మార్పించి, ఏళ్లనాటి నొప్పి తగ్గించింది. తర్వాత ఒక టీచరమ్మకు, ఆ తర్వాత ఒక వంటమనిషికి. 1956 నాటికి మా నర్సింగ్ హోంలో తలనొప్పులకు దాన్ని మించినవాళ్లు లేరు. నేను కూడా కాదు. అంతదాకా దానికి లేని హస్తవాసిని చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు అది నిజంగానే వచ్చింది, ఇచ్చిందేమో నేను. అసలైన కుళ్లు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.